అక్క చెప్పింది చెప్పినట్టు

చివరిసారి మీరు వాదించి నెగ్గినప్పుడు, ఓడిపోయిన మనిషికి దానివల్ల ఏం మేలు జరిగింది? తొందరపడి జవాబు చెప్పకండి. "ఆ మనిషికి నిజం తెలిసింది" అని మాత్రం అసలే అనకండి. పదకొండేళ్ళు నేను ఆ జవాబుతోనే సరిపెట్టుకున్నాను, అదీ మా సొంత అక్క విషయంలో.

నేను వాదసభల్లో పెరిగినవాణ్ణి. విరుదునగర్ బజారు వెనక ఒక చదువుగది ఉండేది. ఆదివారం సాయంత్రాలు అక్కడ పొడుగాటి బల్లకు ఒక పక్క దేవుడున్నాడనేవాళ్ళు, ఇంకో పక్క లేడనేవాళ్ళు కూర్చునేవారు. పదిహేడేళ్ళకే నేను రెండో పక్కన చోటు సంపాదించుకున్నాను. జాతకాలు, ముహూర్తాలు, కులాన్ని బట్టి వేసే పంక్తులు, ఆడవాళ్ళను బయట కూర్చోబెట్టే మూడు రోజులు, దేన్నీ విమర్శించకుండా వదల్లేదు. నా పెళ్ళి పట్టుబట్టి రాహుకాలంలో చేసుకున్నాను. విరుదునగర్ తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉంటూ ముప్పై ఏళ్ళు తమిళంలో వ్యాసాలు రాశాను. వాటిలో ఒక్క మాట కూడా ఇవాళ వెనక్కి తీసుకోను. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇది చదివి "ముసలితనంలో మెత్తబడ్డాడు" అనుకునేవాళ్ళు కొందరుంటారు.

కోవిల్‌పట్టిలో మా ఇంటి ముందుగదిలో గుంట మగ్గం ఉంది. నేలలో గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, కింద తొక్కుడుకర్రలు తొక్కుతూ నేసే మగ్గం అది. ఒకప్పుడు మా అమ్మ నేసింది, ఇప్పుడు మా అక్క నేస్తుంది. ఆమె నాకంటే ఆరేళ్ళు పెద్ద. బావ పోయాక మా ఇంటికే వచ్చి ఉంటోంది. వీధి వీధంతా కరెంటు మగ్గాలకు మారినా ఆమె మారలేదు. ఆమె నేసిన అంచు కావాలని అడిగి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

పదకొండేళ్ళ కింద ఆమె కుడి మోకాలు పట్టేయడం మొదలైంది. నేసేటప్పుడు అంత బాధ లేదు. గుంటలోకి దిగేటప్పుడూ పైకి లేచేటప్పుడూ ప్రాణం పోయినంత పని. మొదట్లో గోడ పట్టుకుని లేచేది. తర్వాత నా భుజం పట్టుకుని లేచేది. ఆ తర్వాత నేనూ నా భార్యా చెరో చెయ్యీ పట్టి లేపాల్సి వచ్చింది. ఇలాగే పోతే ఒక రోజు ఆమె ఆ గుంటలోకి దిగలేదని, మగ్గం మూతపడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

రెండు వారాలకొకసారి అక్క మంగళవారం పొద్దున్నే కయత్తారు బస్సెక్కేది. అక్కడ గాలిమరల నడుమ ఒక పల్లెలో నూనె కట్టు కట్టే పెద్దాయన ఉన్నాడు. ఆయన మోకాలికి కట్టు కట్టి, మొక్కుకోమని చేతికి ఒక పసుపుతాడు కట్టి పంపేవాడు. ఎముకల డాక్టరు మా వీధి చివరే ఉన్నాడు. అక్కడికి మాత్రం వెళ్ళేది కాదు. ఇక నా నోరు ఊరుకుంటుందా?

"అక్కా, ఆ నూనె ఎముకదాకా పొయ్యేకి దారి యాడుండాది, సెప్పు?"

"నీ నోరు మూసుకునేకి దారి యాడుండాదో ముందు నువ్వు సెప్పు."

"డాక్టరు మన ఈది కడానే ఉండాడు కదా?"

"ఉండనీరా. ఆయన ఈదిలో ఆయనుండాడు, నా మగ్గంలో నేనుండాను."

ఆ మాటను నేను మొండితనంగా లెక్కవేసి పక్కన పెట్టేశాను. మోకాలిచిప్ప వెనక ఏముంటుందో కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. పసుపుతాడులో పసుపు తప్ప మందు లేదని నిరూపించాను. ఆమె మాట్లాడకుండా నూలు మోసే నాడెను ఆ చివరి నుంచి ఈ చివరికి విసిరేది. జవాబు లేదు గనక నేను నెగ్గాననే అనుకునేవాణ్ణి. అలా పదకొండేళ్ళు నెగ్గాను. ఆమె మోకాలు మాత్రం ఏటికేడాది బిగుసుకుపోయింది.

ఇంతలో నాకు చదువుగదిలో ఒక దెబ్బ తగిలింది. గ్రంథాల్లో ఏముందో నేను చెప్పుకుపోతుంటే బల్లకు అవతలి పక్క ఉన్న రిటైరైన తమిళ మాస్టారు లేచి, "తమరు ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆ తెలుగులో ఒక్క అక్షరం చదవలేరు. అలాంటి తమరు లోకంలో గ్రంథాలన్నీ చదివేసినట్టు చెబితే ఎలా నమ్మాలి?" అన్నాడు. గది గదంతా నవ్వింది. నిజమే. మా ఊళ్ళో మాలాంటి వాళ్ళకు తెలుగు నోటి భాష. రాతంతా తమిళమే. ఆ మాస్టారికి బుద్ధి చెప్పాలన్న కసితోనే, యాభై ఆరేళ్ళ వయసులో, నేను తెలుగు అక్షరాలు నేర్చుకోవడానికి వెళ్ళాను. ఇందులో భాషాభిమానం ఏమీ లేదు.

తరగతి విరుదునగర్‌లోనే, ఎండుమిరప గోదాము మీది గదిలో. చెప్పేది గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక రిటైరైన పంతులమ్మ. కొడుకు మిరప వ్యాపారం కోసం ఇక్కడ స్థిరపడితే ఆమె కూడా వచ్చింది. ఊరికే కూర్చోలేక ఆదివారం పొద్దున పూట నాలాంటి వాళ్ళను పోగేసింది. కింద గోనెసంచి కదిలినప్పుడల్లా పైన అందరికీ తుమ్ములు. "ఇక్కడ శకునాలు చూసుకుంటే ఒక్క లారీ కదలదు, ఒక్క పాఠం సాగదు" అని ఆమె మొదటి రోజే అంది. నాకు ఆ గది అప్పుడే నచ్చేసింది.

కానీ పాఠం నచ్చలేదు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే. మా చెవులు అలాగే తయారయ్యాయి. ఆమె "ఖ" అంటే నాకు "క" వినిపించేది. నాలుగో వారం ఆమె డిక్టేషన్ చెప్పింది: "మా అత్తగారికి వాతం. మా మామగారికి వాదం." నేను రాశాను. చదవమంది.

"మా అత్తగారికి వాదం. మా మామగారికి వాదం" అని చదివాను.

"ఇద్దరికీ వాదమే అయితే ఆ ఇంట్లో నేను ముప్పై ఏళ్ళు ఎలా కాపురం చేశానండీ?" అంది పంతులమ్మ.

వెనక బెంచీలో అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసే ఒక నలభై ఏళ్ళ ఆవిడ ఉండేది. నవ్వి నవ్వి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను ఊరుకున్నానా? రెండూ ఒకటే మాట అని మొదలుపెట్టాను. మా ఇంట్లో కీళ్ళ నొప్పినీ వాదమే అంటాం, తగువునూ వాదమే అంటాం, తమిళంలో రెండింటికీ రాత కూడా ఒకటే, కాబట్టి తప్పు నాది కాదు అని పది నిమిషాలు మాట్లాడాను. పంతులమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేదాకా ఆగి, "నేను మళ్ళీ పలుకుతాను. ఈసారి మీరు వినండి. ఇప్పటిదాకా మీరు వినలేదు, మీకు తెలిసిన మాటను నా నోట్లో పెట్టి రాశారు" అంది.

వెనక నుంచి అగ్గిపెట్టెలావిడ ఊరుకోలేదు. "అమ్మా, అన్నకుండే సీక్కు ఆ రెండోదే. దానికి కట్టు కట్టేవాళ్ళు యాడా లేరు!"

సీక్కు అంటే మా వైపు జబ్బు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది. ఆ వారమంతా బస్సులో సాత్తూరు మీదుగా వస్తూ పోతూ "వాతం, వాదం" అని నాలో నేను అనుకుంటూ తేడా పట్టుకోవడానికి తంటాలు పడ్డాను. పక్క సీటాయన ఒకసారి లేచి వేరే సీటుకు వెళ్ళిపోయాడు.

అక్షరాలు వచ్చాక ఆమె ఒక ఇంటిపని ఇచ్చింది. ఇంట్లో ఎవరో ఒకరి మాట ఒక పేజీ రాసి తేవాలి. వాళ్ళు పలికింది పలికినట్టే ఉండాలి. దిద్దకూడదు, తగ్గించకూడదు, మన మాట ఒక్కటీ కలపకూడదు. ఫోనులో రికార్డు చేసి తర్వాత రాసుకుంటానని నేను అడిగితే, "ఫోను వింటుంది. మీరెప్పుడు వింటారు?" అంది.

నేను అక్కనే ఎంచుకున్నాను. దానికి కారణం ప్రేమ అని చెప్పలేను. ఆమె మూఢనమ్మకాన్ని ఆమె మాటల్లోనే పట్టి తరగతిలో చదివి వినిపిస్తే బాగుంటుందని ఒక ఆశ. మొదటిసారి రాసుకెళ్ళిన పేజీని పంతులమ్మ ఎర్ర పెన్నుతో పావు వంతు కూడా మిగలకుండా కొట్టేసింది. "ఇందులో మీ అక్కగారు నాలుగు వాక్యాలు మాట్లాడారు. మిగతాదంతా మీ ఉపన్యాసం. మళ్ళీ రాయండి."

రెండోసారి మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. పొద్దున తొమ్మిది గంటలు. అక్క గుంట అంచున కూర్చుని నూలు సరిచేస్తోంది.

"మళ్ళీ వచ్చినావా? పోయినసారి పంతులమ్మ సున్నా ఏసిందంట కదా."

"ఎవరు సెప్పినారు?"

"నీ పెండ్లాము. ఈదంతా సెప్పింది. సరి, ఏమి కావాల?"

"నీ కాలి గురించి సెప్పక్కా. నేను రాసుకుంటాను. మాట్లాడను."

అక్క నాడె కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు మాట్లాడవా? అట్లయితే రాయి."

రాయడం మొదలుపెట్టాక నాకొక ఇబ్బంది ఎదురైంది. తమిళంలో నా చెయ్యి గుర్రంలా పోతుంది. తెలుగులో ఒక్కో గుడి, ఒక్కో కొమ్ము, ఒక్కో వత్తు వెతుక్కుంటూ రాయాలి. అక్క ఒక వాక్యం చెబితే నాకు రాయడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆమె మొదటి వాక్యంలోనే నూనె మహిమ చెప్పింది. నా నాలుక మీదికి జవాబు వచ్చింది. కానీ చెయ్యి ఇంకా "నూనె"లో రెండో అక్షరం దగ్గరే ఉంది. రాసి తలెత్తేసరికి ఆమె తర్వాతి మాటకు వెళ్ళిపోయింది. నేను దాని వెంట పడాల్సి వచ్చింది. వాక్యం వెనక వాక్యం, నా జవాబులన్నీ ఒక్కొక్కటే చల్లారిపోయాయి. మెల్లగా రాసేవాడు మధ్యలో అడ్డు తగలలేడని నాకు అప్పటిదాకా తెలియదు.

అక్కకు మాత్రం ఇది భలే నచ్చింది. తన భాషను ఎవరైనా కాగితం మీద పెట్టడం ఆమె పుట్టాక ఇదే మొదటిసారి. నేను ఏదో అక్షరం దగ్గర చిక్కుకుని ఆగినప్పుడు ఆమె కూడా ఆగేది. "రాసినావా? 'ఇడువు' అని సరిగ్గా రాయి. పంతులమ్మ మాదిరి 'విడువు' అని రాయద్దు. నేను అట్ల సెప్పలే" అని దబాయించేది. పేజీ నిండాక, "ఇప్పుడు సదువు. నేనేమి సెప్పినానో నేను ఇనాల" అంది.

కూడబలుక్కుంటూ చదివాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

"కయత్తారు పెద్దాయన నూనె పూసి కట్టు కడతాడు. రెండు దినాలు హాయిగా ఉంటాది. మళ్ళీ పట్టుకుంటాది. అది నాకు తెలుసు. తెలియదని మా తమ్ముడు అనుకుంటాడు. ఆ పెద్దాయన దగ్గర ఒగటి ఉండాది. ఆయన ఒగ నాడూ మగ్గం ఇడువమని సెప్పలే. డాక్టరు దగ్గరికి పోతే ఆయన మొదట సెప్పేది అదే. ఎదురింటి అత్తకు అట్లనే సెప్పినాడు. ఆమె మగ్గం దిగి టీవీ ముందర కూసుంది. ఆరు నెలల్లో మడిసి మడిసిగా లేదు. డాక్టరు సెప్పినాక మా తమ్ముడు ఊరుకోడు. అప్పుడు ఇంట్లో వాడు, ఈదిలో డాక్టరు, ఇద్దరూ ఒగ పక్కన ఉంటారు. నా పక్కన ఎవురు? నూనె వేస్టని నాకు తెలుసు. నాకు కావాల్సింది ఈ గుంట."

చదవడం ఆపేశాను. పదకొండేళ్ళు నేను నూనె మీద వాదించాను. ఆమె నూనెను నమ్మనేలేదు!

"ఏలరా ఆపినావు? ఇంకా రెండు వరుసలుండాయి."

"అక్కా, ఈ మాట ఇన్నేళ్ళు ఏల సెప్పలే?"

"నువ్వు అడిగినావా? 'నూనె ఎముకదాకా పొయ్యేకి దారి యాడ' అని అడిగినావు. నా దారి యాడని అడగలే."

నాకు ఇక్కడ ఇంకొక సంగతి ఒప్పుకోక తప్పదు. నొప్పి మొదలైన కొత్తలో, "ఎందుకక్కా ఈ కష్టం, మగ్గం తీసేసి గుంట పూడ్చేద్దాం, గదికి టైల్స్ వేయిద్దాం" అన్నది నేనే. నేను మరిచిపోయాను. ఆమె మరవలేదు.

ఆ రోజు నేను వాదించలేదు, ఒకటే అడిగాను. "మగ్గం ఇడువకుండా కాలు బాగు చేసేకి ఏమి చెయ్యాలని మనమే డాక్టరును అడిగితే?"

అక్క చాలాసేపు నూలు సరిచేసింది. "అడుగుదాము. నేను అడుగుతాను. నువ్వు వచ్చి కూసో. నోరు తెరవకూడదు."

"తెరవను."

"ప్రమాణం చెయ్యి."

"నేను ప్రమాణాలు నమ్మను కదక్కా."

"అందుకే ఆ నోటుబుక్కు తెచ్చుకో. చెయ్యి పనిలో ఉంటే నీ నోరు సుమ్మా ఉంటాది."

డాక్టరు వయసులో చిన్నవాడు, తమిళంలోనే మాట్లాడాడు. ఎక్స్‌రే చూసి, నావైపు తిరిగి చెప్పబోయాడు. నేను తల వంచుకుని రాసుకుంటున్నాను. అతనికి వేరే దారి లేక అక్కవైపు తిరిగాడు. అక్క ఇంట్లో పదిసార్లు అనుకున్న మాటను అక్కడ తమిళంలో తడబడకుండా చెప్పింది: తాను మగ్గం విడవదని, విడవకుండా ఏం చేయవచ్చో అది చెప్పమని. నాకు ఎదురుగా ఉన్నది ఎప్పుడూ జవాబు చెప్పలేకపోయిన మా అక్కేనా అనిపించింది.

అతను ఎక్స్‌రే పక్కన పెట్టాడు. గుంట ఎంత లోతు, ఎలా దిగుతారు, ఏ కాలు ముందు పెడతారు అని అడిగాడు. ఆమె కుర్చీలో కూర్చునే కాళ్ళు ఆడించి చూపించింది. మోకాలి లోపల అరుగుదల ఉందని, పూర్తిగా పోదని దాచకుండా చెప్పాడు. తొడ కండరానికి రోజూ చేయాల్సిన కసరత్తు నేర్పించాడు. గుంటలో రెండు మెట్లు కట్టించమన్నాడు, కూర్చునే చోటు ఎత్తు చేయమన్నాడు, గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయమన్నాడు. నేసే వేళలు కొంచెం తగ్గించమన్నాడు. "మానేయాలా?" అని అక్క సూటిగా అడిగింది. "ఇప్పుడే ఆ మాట ఎందుకమ్మా? ఇవి చేసి మూడు నెలలకు రండి" అన్నాడు.

బయటికి వచ్చాక అక్క చెప్పులు వేసుకుంటూ, "సూడు, వాడే మంచి పిల్లోడు. నువ్వు ఊరికే ఇన్నేళ్ళు భయపెట్టినావు" అంది.

భయపెట్టింది నేనట! నోటుబుక్కు చేతిలోనే ఉంది గనక అదీ రాసుకున్నాను.

మేస్త్రీ వచ్చి గుంటలో రెండు మెట్లు కట్టాడు. అక్క మెట్టు ఎత్తు సరిపోలేదని ఒకసారి పగలగొట్టించింది. పొద్దున్నే కాఫీకి ముందు కాలు చాపి, ఎత్తి, పది లెక్కపెట్టి దించుతుంది. లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి. మూడు నెలలయ్యేసరికి గోడకు వేసిన కడ్డీ పట్టుకుని తానే దిగుతోంది, తానే లేస్తోంది. నొప్పి పూర్తిగా పోలేదు. వానాకాలంలో ఎక్కువే. కానీ మధ్యాహ్నం నేను వరండాలో పేపరు చదువుకుంటుంటే లోపల మగ్గం చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది. మా ఇంట్లో నాకు ఇంతకంటే హాయి ఇంకొకటి లేదు.

చేతికి పసుపుతాడు ఇప్పటికీ ఉంది. మొన్న పక్కింటావిడతో, "మొక్కు ఫలించింది, కాలు బాగైంది" అని నా ఎదురుగానే అంది. నాకు నాలుక దురద పెట్టింది. కండరం బలపడింది, మెట్టు ఎత్తు కుదిరింది, మొక్కుకు ఇందులో ఏ పాత్రా లేదు. ఇది నేను ఇప్పటికీ ఏ సభలోనైనా నిలబడి చెబుతాను, అక్కకూ చెప్పాను. "సరిలేరా, నువ్వూ రాసుకో" అని నవ్వింది.

తమిళ మాస్టారి ముందు తెలుగు చదివి చూపించాలని వెళ్ళిన చదువు ఇది. ఆయన ముందు ఇంతవరకూ చదవలేదు; చదవాలన్న కసి కూడా ఎక్కడో పోయింది. పంతులమ్మ నాకు అక్షరాలే నేర్పింది, ఇంకేమీ బోధించలేదు. బోధించి ఉంటే నేను ఆమెతోనూ వాదించి ఉండేవాణ్ణి.

ఇక మీ సంగతి. నాలాగా నిజం వైపు నిలబడ్డామని ఛాతీ విరుచుకునే వాళ్ళతో ప్రత్యేకంగా అంటున్నాను. ఎదుటి మనిషి మాటకు మూఢనమ్మకమని పేరు పెట్టగానే మన పని అయిపోయిందనుకుంటాం. ఆ పేరు కింద ఏ భయం ఉందో, ఎవరి మీద భయం ఉందో తవ్వి చూడం. చాలాసార్లు ఆ భయం మనమే. మనం సైన్సు పక్షాన ఉన్నంత మాత్రాన మనం అడగకుండా చెప్పే జవాబు సైన్సు అయిపోదు. పరీక్షించకుండా ఒక మాటను నమ్మకూడదని ఊరందరికీ చెప్పినవాణ్ణి, మా అక్క గురించి నేను అనుకున్నదాన్ని పదకొండేళ్ళు పరీక్షించనే లేదు.

మీ ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకరుంటారు. ఎన్నిసార్లు సరైన మాట చెప్పినా వినరని మీరు విసుక్కునే మనిషి. రేపు పొద్దున కాగితం, పెన్ను పట్టుకుని ఆ మనిషి పక్కన కూర్చోండి. ఫోను పక్క గదిలో పెట్టండి. ఎందుకు అని ఒక్కటే అడగండి. చెప్పింది చెప్పినట్టు, దిద్దకుండా, మెల్లగా రాయండి. రాసింది వాళ్ళకే చదివి వినిపించండి. "అవును, నేను అన్నది ఇదే" అని వాళ్ళు ఒప్పుకునేదాకా మీ జవాబు మొదలుపెట్టకండి.